ఆకలి మీద సూదిమందు

మన కథల్లో షావుకారుకు బొజ్జ వుంటుంది, కూలివాడికి డొక్కలు కనపడతాయి. యీ రెండు గుర్తులతోనే మనం మూడు తరాలుగా వర్గ సమాజాన్ని పాఠకుడి కళ్ళకు కట్టిస్తూ వచ్చాము. తరగతిలో నేనూ ఆ ధోరణిలోనే పాఠం చెప్పేవాణ్ణి. బొజ్జ అంటే దోచుకున్న తిండికి సాక్ష్యమనీ, అదనపు విలువ కొవ్వు రూపంలో పేరుకుపోవటమేననీ చెప్పి పిల్లల్ని నవ్వించేవాణ్ణి. పోయిన సంవత్సరం ఒక విద్యార్థిని క్లాసు అయిపోయాక వరండాలో ఆగి, "మా అమ్మ హాస్టల్లో వంట చేస్తుంది సార్. తొంభై కిలోల బరువు. షుగరు కూడా వుంది. మోకాళ్ళు పట్టుకొని మెట్లెక్కుతుంది. మీ లెక్క ప్రకారం మా అమ్మ యే వర్గం?" అని అడిగింది. నేనేదో చెప్పాను. అది సమాధానం కాదని ఆ అమ్మాయికీ తెలుసు, నాకూ తెలుసు. పోబోతూ ఆమె యింకో మాట అడిగింది: "బరువు తగ్గటానికి సూది వచ్చిందంటున్నారు గదా సార్, అది నిజమేనా? లేక మోసమా?"

రెండో ప్రశ్న మొదటిదానికన్న తేలిక అనుకున్నాను. నేను వైద్యుణ్ణి కాను. తెలుగు సాహిత్యం చదువుకున్నవాణ్ణి. అయినా ఒక వాక్యం నిజమో అబద్ధమో తేల్చుకోవటం యెలాగ అన్నది విమర్శకుడికి పరాయి సమస్య కాదు. మిత్రులను అడిగితే రెండు రకాల జవాబులు వచ్చాయి. పత్రికలు చదివే మిత్రులు "అద్భుతం" అన్నారు. మనవాళ్ళు, అంటే అభ్యుదయవాదులు, "అంతా కంపెనీల మాయ" అన్నారు. యిద్దరూ పరీక్షల చరిత్ర జోలికి పోలేదు. నేను చదివినంతలో ఆ చరిత్ర ఆ రెండు జవాబులకూ లొంగేది కాదు.

స్థూలకాయాన్ని సూదితో కరిగించవచ్చునన్న మాట లోకం వినటం యిదే మొదటిసారి కాదు. 1954లో లండనులోని లాన్సెట్ వైద్య పత్రిక ఒక చిన్న రచనను అచ్చువేసింది. రాసినవాడు ఆల్బర్ట్ సిమియన్స్. లండనులో పుట్టి, జర్మనీలో వైద్యం చదివి, 1930లలో మనదేశం వచ్చి సుమారు రెండు దశాబ్దాలు యిక్కడ పనిచేసి, తర్వాత రోము నగరంలో స్థిరపడిన వైద్యుడు. కుష్ఠురోగి జీవితం మీద 1952లో ఒక నవల కూడా రాశాడు. కనుక మనిషి కఠినుడు కాడు, దొంగ అంతకన్నా కాడు. యీ సంగతి ముందే చెప్పటం అవసరం. యెందుకంటే తప్పుడు సిద్ధాంతాలన్నీ దుర్మార్గులే పుట్టిస్తారన్న భ్రమ మనలో కొందరికి వున్నది.

మనదేశంలో వున్న రోజుల్లో అతను కొందరు లావుపాటి కుర్రవాళ్ళను చూశాడు. గ్రంథుల లోపం వల్ల వాళ్ళకు యౌవనం సరిగా రాదు, తొడలకూ తుంట్లకూ కొవ్వు పడుతుంది, ఆకలికి అంతు వుండదు. వాళ్ళకు గర్భిణీ స్త్రీల మూత్రం నుంచి తీసిన హెచ్.సి.జి. అనే హార్మోనును కొద్దికొద్దిగా సూదితో యిచ్చేవారు. గర్భిణి శరీరంలో మాయ తయారుచేసే పదార్థం అది. అది పడ్డ తర్వాత కుర్రవాళ్ళ ఆకలి తగ్గిందనీ, బరువు తగ్గకపోయినా ఆకారం మారిందనీ, తిండి తగ్గిస్తే బాధ లేకుండా సన్నబడ్డారనీ సిమియన్స్ రాశాడు. దీని మీద ఒక వైద్యమే కట్టాడు. రోజుకు 125 యూనిట్ల సూది, నలభై సూదుల దాకా. దానితో పాటు రోజుకు 500 కాలరీల తిండి. నూనెచుక్క తగలని మాంసం ముక్క రెండు పూటలా, కాస్త కూర, ఒక పండు, ఎండు రొట్టె ముక్క. రోగులు రోజుకు సుమారు ఒక పౌను చొప్పున తగ్గారు. ఆకలి వెయ్యటం లేదన్నారు. రోములోని అతని ఆసుపత్రికి దేశదేశాల సంపన్నులు క్యూ కట్టారు.

ఆ అయిదువందల దగ్గర కాస్త ఆగుదాము. 1979లో మన ప్రణాళికా సంఘం నిపుణుల బృందం పల్లెలో మనిషికి రోజుకు 2400 కాలరీలు, పట్నంలో 2100 కాలరీలు లెక్కవేసి దాని మీద పేదరికపు గీత గీసింది. సిమియన్స్ భోజనం ఆ పల్లె గీతలో అయిదో వంతు. అతను మనదేశంలో వున్న కాలంలోనే, 1943లో, బెంగాలులో లక్షలాదిమంది యింతకన్నా తక్కువ తిని చచ్చిపోయారు. సన్నబడటానికి వాళ్ళకు సూది అవసరం కాలేదు. సిమియన్స్‌ను దీనికి దోషిగా నిలబెట్టటం నా వుద్దేశం కాదు. అయిదువందల కాలరీలు తింటే యే మనిషైనా తగ్గుతాడన్న ముతక సత్యం ఆ దేశంలో బతికిన వైద్యుడి కంటికి ఆనకపోవటమే నన్ను ఆశ్చర్యపరిచింది.

అతని తర్కమంతా ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: సూది వేశాను, రోగి సన్నబడ్డాడు, కనుక సూది పనిచేసింది. మన పల్లెల్లో కప్పకు పెళ్ళి చేసి వూరేగిస్తారు. వాన పడుతుంది. కనుక కప్ప పెళ్ళి వాన కురిపిస్తుంది. వాన పడని సంవత్సరాలను యెవరూ లెక్కపెట్టరు. పెళ్ళి చెయ్యని వూళ్ళో కూడా అదే వాన పడ్డదా అని యెవరూ పోయి చూడరు. సిమియన్స్‌కు లేనిది ఆ పక్క వూరే.

పక్క వూరిని చూడటమే వైద్యశాస్త్రంలో పరీక్ష అంటే. ఒకే రకం రోగులను చీటీలు వేసి రెండు భాగాలు చెయ్యాలి. ఒక భాగానికి మందు, రెండో భాగానికి ఉప్పునీరు. సీసాలు ఒకేలా వుండాలి. యే సీసాలో యేమున్నదో రోగికి తెలియకూడదు, సూది వేసే వైద్యుడికీ తెలియకూడదు. తిండి యిద్దరికీ ఒకటే. అంతా అయిన తర్వాత చీటీలు విప్పి లెక్క చూడాలి. యింత సాదా ఏర్పాటులో నాకు ఒక ప్రజాస్వామిక సూత్రం కనపడుతున్నది. యెంత పేరున్న వైద్యుడైనా తన కంటికి కనపడ్డది ప్రమాణం కాదని ముందే ఒప్పుకొని, తన చేతులు తానే కట్టేసుకోవాలి. మన సాహిత్య పీఠాల్లో యిటువంటి ఏర్పాటు ఒకటి వుంటే యెంత బాగుండేదో అని అప్పుడప్పుడు అనుకుంటాను. పేరు చెరిపేసి చదవమంటే యెందరు మహాకవులు నిలబడతారు?

హెచ్.సి.జి. మీద 1960లలోనే అనుమానాలు మొదలయ్యాయి. 1973లో ఆషర్, హార్పర్ అనే యిద్దరు పరిశోధకులు గుప్త పద్ధతిలోనే పరీక్షించి, మందు తీసుకున్న స్త్రీలు ఉప్పునీరు తీసుకున్నవారికన్న యెక్కువ తగ్గారని ప్రకటించారు. బరువు తగ్గించే క్లినిక్కులకు పండగే అయింది. కాని శాస్త్రంలో ఒక్క సాక్షి చాలడు. 1976లో అదే పోషకాహార పత్రికలో స్టైన్ బృందం 51 మంది స్థూలకాయ స్త్రీల మీద తిరిగి చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. తేడా లేదు. అదే సంవత్సరం అమెరికా వైద్య సంఘం పత్రికలో 202 మంది మీద జరిగిన మరో పరీక్ష వచ్చింది. తేడా లేదు. ఆ తర్వాత 1977లోనూ, 1990లోనూ అంతే. 1995లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు అప్పటిదాకా జరిగిన 24 అధ్యయనాలను ముందు పెట్టుకొని జల్లెడ పట్టారు. వాటిలో 8 అధ్యయనాలకు పోల్చి చూసే రెండో భాగమే లేదు. వున్న 16లో నాణ్యమైనవి దాదాపు అన్నీ ఒకటే చెప్పాయి: ఆకలి తగ్గటంలో గాని, బరువు తగ్గటంలో గాని ఉప్పునీటి కన్న యీ మందుకు ప్రత్యేక గుణం యేమీ లేదు.

యిక్కడ నన్ను కదిలించింది మందు ఓడిపోవటం కాదు. ఉప్పునీటి సూది వేయించుకున్న స్త్రీల సంగతి. వాళ్ళు వారాల తరబడి ఆసుపత్రికి వచ్చారు. చేయి చాపారు. అయిదువందల కాలరీలతో కడుపు మాడ్చుకున్నారు. వాళ్ళ ఒంట్లోకి పోయింది మందు కాదు, ఉత్త ఉప్పునీరు. అయినా వాళ్ళూ తగ్గారు; వాళ్ళలోనూ ఆకలి అంతగా లేదన్నవారు వున్నారు. రోజూ ఒక మనిషి పలకరించి, తూకం వేసి, సూది పొడిచి, "రేపు రండి" అంటే ఆకలిని కూడా కొంతకాలం ఓర్చుకోగలదు మానవ దేహం. సూదికి మన వూళ్ళల్లో వున్న మహిమ తెలిసినవాళ్ళకు యిది కొత్త కాదు. బిళ్ళ యిచ్చిన డాక్టరు డాక్టరే కాదు, సూది వేస్తేనే వైద్యం. వాళ్ళ పేర్లు యే పత్రికలోనూ లేవు, అంకెలుగానే వున్నారు. కాని ఒక అంతర్జాతీయ అబద్ధాన్ని పడగొట్టింది వాళ్ళు. సిమియన్స్ పేరు చెబితే యిప్పటికీ తెలిసినవాళ్ళున్నారు.

అబద్ధం పడిపోయిందన్నాను గాని, వ్యాపారం పడిపోలేదు. స్థూలకాయానికి యిది పనిచేస్తుందని రుజువు కాలేదని సీసా మీదనే అచ్చువెయ్యాలని 1970ల మధ్యలో అమెరికా ఆహార ఔషధ సంస్థ ఆదేశించింది. క్లినిక్కులు సాగుతూనే వున్నాయి. 2011 నాటికి అదే హార్మోను పేరుతో నాలుక కింద వేసుకునే చుక్కలు అమ్ముతుంటే ఆ సంస్థ మళ్ళీ హెచ్చరికలు పంపవలసి వచ్చింది. పరీక్ష నిజాన్ని తేల్చగలదు, బజారును మూయించలేదు.

రెండో కథ పేగులో మొదలవుతుంది. పేగు కూడా హార్మోన్లు పుట్టిస్తుందని 1902లో లండనులో బేలిస్, స్టార్లింగ్ చూపించారు. 1906లో లివర్‌పూల్‌లో మూర్ అనే ఆయనా అతని సహచరులూ పేగు పొర కషాయాన్ని మధుమేహ రోగుల చేత తాగించారు. ఇన్సులిన్ రావటానికి యింకా పదిహేనేళ్ళుంది. అది ఫలించలేదు, గాని ప్రశ్న సరైనదే. 1964లో తేలిందేమంటే, గ్లూకోజును నరంలోకి యెక్కిస్తే పుట్టే ఇన్సులిన్ కన్న, నోటితో తాగిస్తే పుట్టే ఇన్సులిన్ యెక్కువ. అంటే తిండి వచ్చిందన్న కబురు పేగు నుంచి యెవరో మోసుకుపోతున్నారన్నమాట.

ఆ కబురు మోసే పదార్థాల్లో ఒకటి జి.ఎల్.పి.-1. 1980లలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో జోయెల్ హబెనర్ ప్రయోగశాల ఒక సముద్రపు చేప జన్యువును చదువుతూ దీని ఆచూకీ పట్టింది. అయితే ఆ పొడుగాటి గొలుసులో పనిచేసే ముక్క యేదో తేల్చి, దాన్ని తన చేతులతో కూర్చి, నెత్తురులో గుర్తించే సాధనాలు తయారుచేసినది స్వెత్లానా మోయ్‌సోవ్. అప్పటి యుగోస్లావియాలో పుట్టి, చదువు కోసం అమెరికా పోయిన రసాయన శాస్త్రజ్ఞురాలు. పేటెంట్లలో మొదట ఆమె పేరు లేదు. సంవత్సరాల తరబడి పోట్లాడి చేర్పించుకున్నది. 2021లో కెనడావారి గేర్డ్‌నర్ బహుమానం యీ పరిశోధనకు వచ్చినప్పుడు ముగ్గురు మగవాళ్ళకు యిచ్చారు. 2024లో లాస్కర్ బహుమానం నాటికి గాని ఆమె పేరు పక్కన పెట్టటానికి లోకానికి తీరిక దొరకలేదు. శ్రమ ఒకరిది, సంతకం మరొకరిది అన్నది పొలం గట్లకే పరిమితమైన నీతి కాదు.

1987లో లండను హామర్‌స్మిత్ ఆసుపత్రిలో యీ పదార్థాన్ని ఆరోగ్యవంతుల నరాల్లోకి యెక్కించి చూశారు. ఇన్సులిన్ పెరిగింది. 1992, 1993 నాటికి బోస్టన్‌లోనూ, స్వీడన్‌లోనూ, జర్మనీలోనూ మధుమేహ రోగుల మీద పరీక్షలు జరిగినవి. జర్మనీలో మైకేల్ నౌక్ బృందం పదిమంది రోగులకు రాత్రి ఉపవాసం తర్వాత కొన్ని గంటలపాటు యెక్కిస్తే, నెత్తురులో చక్కెర మామూలు మట్టానికి దిగింది. దిగగానే ఇన్సులిన్ కూడా దానంతటదే తగ్గింది. ఇన్సులిన్ సూదిలో వుండే ప్రమాదం, అంటే చక్కెర మరీ పడిపోయి మనిషి సొమ్మసిల్లటం, దీనిలో లేదని తోచింది. యింత గుణమున్న పదార్థానికి ఒకటే లోపం. నెత్తురులో దాని ఆయుర్దాయం రెండు నిమిషాలు. దాన్ని కొరికేసే ఎంజైము ఒంట్లో అడుగడుగునా కాచుకొని వుంటుంది. సూది తీసి దూది పెట్టేలోగా సగం ఖాళీ.

యీ దశలో జరిగిన ఒక సంఘటన మనవాళ్ళు తప్పక తెలుసుకోవలసింది. 1987 ప్రాంతంలో కొందరు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఒక చిన్న కంపెనీ పెట్టి, జి.ఎల్.పి.-1ను మందుగా మలచే పని ఫైజర్ సంస్థ డబ్బుతో మొదలుపెట్టారు. వారిలో ఒకడైన జెఫ్రీ ఫ్లయర్ ఆ కథను 2024లో బయటపెట్టాడు. 1990 ప్రాంతంలో ఫైజర్ ఆ పనిని వదిలేసింది. కారణం, ఇన్సులిన్ తప్ప మధుమేహానికి మరో సూదిమందు జనం వాడరన్న వ్యాపారస్తుల అంచనా. శాస్త్రం విఫలం కాలేదు, మందు విషం కాలేదు. బేరం కుదరలేదు, అంతే. తర్వాత పదిహేనేళ్ళకు గాని ఆ జాతి మందు బజారుకు రాలేదు. పోటీ బజారు సత్యాన్ని వేగంగా వెలికితీస్తుందని చెప్పే ఆర్థిక పండితులు యీ పదిహేనేళ్ళను యే పద్దులో రాసుకుంటారో తెలుసుకోవాలని వున్నది.

కంపెనీ వదిలేసినా విశ్వవిద్యాలయాల్లో పని ఆగలేదు. 1996లో హామర్‌స్మిత్ వారే యెలుకల మెదడులోకి దీన్ని పంపి చూస్తే, అవి తిండి తగ్గించాయి. అంటే యిది చక్కెర సంగతి మాత్రమే కాదు, ఆకలి సంగతి. యిక మనుషుల్లో చూడాలి. 1998లో కోపెన్‌హేగెన్‌లో ఫ్లింట్, రాబెన్, ఆస్ట్రుప్, హోల్‌స్ట్ అనే నలుగురు అచ్చువేసిన పరీక్ష నాకు యీ చరిత్ర మొత్తంలో అతి ముఖ్యమైన పుటగా కనపడుతుంది.

అందులో పాల్గొన్నది ఇరవైమంది యువకులు. రోగులు కారు, స్థూలకాయులు కారు. వాళ్ళకు పొద్దున ఫలహారం పెట్టి, నరంలోకి ఒక రోజు జి.ఎల్.పి.-1, మరో రోజు ఉప్పునీరు యెక్కించారు. యే రోజు యేదో వాళ్ళకు తెలియదు. మధ్యమధ్య ఒక కాగితం చేతికిచ్చారు. కాగితం మీద ఒక గీత. ఒక కొసన "ఆకలి బొత్తిగా లేదు", రెండో కొసన "యింత ఆకలి యెన్నడూ యెరగను" అన్న అర్థం వచ్చే మాటలు. తన ఆకలి యెక్కడున్నదో ఆ గీత మీద గుర్తు పెట్టాలి. తర్వాత మధ్యాహ్నం భోజనం ముందు పెట్టి, చాలనిపించేదాకా తినమన్నారు. మిగిలినది తూకం వేశారు. మందు యెక్కిన రోజు గీత మీద గుర్తు "ఆకలి లేదు" వైపు జరిగింది. తిన్న తిండి నూటికి 12 వంతులు తగ్గింది.

ఆకలి మీద మన భాషలో యెంత సాహిత్యం వున్నదో నాకు తెలుసు. దాన్ని పాఠం చెప్పి బతుకుతున్నాను. కాని ఆకలిని ఒక గీత మీద చుక్కగా పెట్టమని మనిషినే అడిగి, ఆ మాటను లెక్కలోకి తీసుకున్న పద్ధతి చూసి మొదట నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగిపోయింది. నవ్వటానికి కారణముంది. ఫలహారం చేసి కూర్చున్న డేనిష్ కుర్రవాడికి మధ్యాహ్నం పన్నెండింటికి వేసేది మన లెక్కలో ఆకలేనా? కడుపు నిండిన బేరం కాదూ? "యింత ఆకలి యెన్నడూ యెరగను" అన్న కొసను కలహండి రైతు చేతిలో పెడితే అతను గుర్తు కాగితం బయట పెట్టవలసి వస్తుంది. నవ్వు ఆగటానికి కూడా కారణముంది. కడుపు ఖాళీ అయినందువల్ల పుట్టే ఆకలి ఒకటి; కడుపులో వున్నా మెదడుకు కబురు అందనందువల్ల పుట్టే ఆకలి మరొకటి. రెండోదాన్ని మనం "తిండిపోతుతనం" అని పేరుపెట్టి కొట్టిపారేశాము. లావుపాటి మనిషి యెందుకు తింటున్నాడని అతన్నే అడిగి, అతని మాటను నమ్మినది మన సాహిత్యం కాదు, ఆ కాగితం మీది గీత.

ఆ తర్వాతి మెట్లు త్వరగా దాటవచ్చు. 2002లో కోపెన్‌హేగెన్‌లోనే ఇరవైమంది మధుమేహ రోగుల్లో సగంమందికి ఆరు వారాలపాటు చర్మం కిందికి చిన్న పంపుతో రాత్రింబవళ్ళు జి.ఎల్.పి.-1 పంపారు. చక్కెర బాగా తగ్గింది. బరువు సుమారు 1.9 కిలోలు తగ్గింది. పంపు కట్టుకొని తిరగటం అందరికీ సాధ్యం కాదు గనుక రెండు నిమిషాల ఆయువును పొడిగించటమే అసలు సమస్యగా మిగిలింది. దానికి ఒక సమాధానం బల్లి నోట్లో దొరికింది. న్యూయార్కులో మాజీ సైనికుల ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే జాన్ ఎంగ్ అనే వైద్యుడు అమెరికా ఎడారిలో తిరిగే గీలా మాన్‌స్టర్ అనే బల్లి విషంలో జి.ఎల్.పి.-1ను పోలిన పదార్థాన్ని కనిపెట్టి 1992లో ప్రకటించాడు. అది అంత త్వరగా నశించదు. పేటెంటు తీసుకొమ్మంటే ప్రభుత్వ విభాగానికి ఆసక్తి లేకపోయింది. అతనే తన ఖర్చుతో తీసుకున్నాడు. 2005లో అది రోజుకు రెండుసార్లు వేసుకునే మధుమేహ మందుగా వచ్చింది. వాడినవారు కొంత సన్నబడటం అందరూ గమనించారు. రెండో సమాధానం డెన్మార్కు కంపెనీ నోవో నార్డిస్క్‌లో లోటె క్నుడ్సెన్ నాయకత్వంలో వచ్చింది: అణువుకు ఒక కొవ్వు తోక తగిలిస్తే అది నెత్తురులోని అల్బుమిన్‌ను పట్టుకొని వేలాడుతుంది, ఎంజైముకు దొరకదు. ఆయువు రెండు నిమిషాల నుంచి పదమూడు గంటలకు పెరిగింది. దాని పేరు లిరాగ్లుటైడ్.

మధుమేహం లేని స్థూలకాయుల మీద దీన్ని పెద్దయెత్తున పరీక్షించినది 2007లో. ఫలితాలు 2009లో లాన్సెట్‌లోనే వచ్చినవి. సిమియన్స్ రచనను అచ్చువేసిన పత్రికే. యూరపులో 19 చోట్ల 564 మంది. ఇరవై వారాలు. నాలుగు మోతాదుల్లో మందు, ఉత్తుత్తి సూది, వీటితో పోల్చటానికి అప్పటికే బజారులో వున్న ఆర్లిస్టాట్ బిళ్ళ. అందరికీ రోజువారీ అవసరం కన్న 500 కాలరీలు తక్కువ తిండి. అంకె మళ్ళీ అయిదువందలే, గాని యెంత మారిందో చూడండి: సిమియన్స్ అయిదువందలు తినమన్నాడు, వీళ్ళు అయిదువందలు మానమన్నారు. పెద్ద మోతాదు తీసుకున్నవారు సగటున 7.2 కిలోలు తగ్గారు, బిళ్ళ మింగినవారు 4.1, ఉత్తుత్తి సూదివారు 2.8. ఆ 2.8 కిలోలు నాకు హెచ్.సి.జి. కాలపు స్త్రీలను గుర్తుచేశాయి. తిండి నియమమూ, తూకమూ, పలకరింపూ కలిసి చేసే పని అంతే. దానికి పైన వున్నదే మందు. సిమియన్స్ మందుకు పైన మిగిలింది సున్న. దీనికి మిగిలింది నాలుగు కిలోల పైచిలుకు. "అంతా మాయే" అనే మిత్రులకు నా జవాబు యిదే. రెండు సూదులూ "ఆకలి వెయ్యదు" అనే ప్రకటించినవి. ఒకే రకం పరీక్షకు రెండూ నిలబడ్డాయి. ఒకటి ఓడింది, ఒకటి గెలిచింది. ఓటమిని నమ్మి గెలుపును నమ్మననటం భౌతికవాదం కాదు.

అయితే గెలుపులో యేమేమి వున్నవో చదవటం కూడా భౌతికవాదమే. వారానికొక్కసారి వేసుకునే సెమాగ్లుటైడ్ మీద 1961 మందితో 68 వారాలు జరిపి 2021లో ప్రకటించిన పరీక్షలో బరువు సగటున నూటికి 14.9 తగ్గింది, ఉత్తుత్తి సూదివారిలో 2.4. యిది చిన్న తేడా కాదు. కాని ఆ పరీక్షకు డబ్బు పెట్టినది మందు అమ్మే కంపెనీయే. పాల్గొన్నవారిలో ముప్పాతిక మంది తెల్లజాతివారు. మందు తీసుకున్నవారిలో నూటికి 74 మందికి వికారం, వాంతులు, విరేచనాలు వంటి కడుపు బాధల్లో యేదో ఒకటి వచ్చింది. ఉత్తుత్తి సూదివారిలో 48 మందికి. అన్నిటికన్న పెద్ద సంగతి 2022లో వచ్చింది. సూది ఆపేసిన తర్వాత ఒక సంవత్సరం ఆ మనుషుల్లో కొందరిని వెంబడించి చూస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. దీన్ని మందు లోపమని నేను అనను. రక్తపోటు బిళ్ళ ఆపితే రక్తపోటు తిరిగి రాదా? కాని జనం సూది వేసుకోరని 1990లో వదిలేసిన వ్యాపారానికి, జీవితాంతం సూది వేసుకోవలసిన ఖాతాదారు దొరికాడన్నది కూడా ఆ వాక్యంలోనే వున్నది.

యిక మన సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 24 మంది స్త్రీలు అధిక బరువుతో వున్నారు; వుండవలసిన దానికన్న తక్కువ బరువున్నవారు యింకా నూటికి 19 మంది వరకూ వున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అధిక బరువున్న స్త్రీలు నూటికి 36. వీళ్ళందరూ షావుకార్ల భార్యలు కారు. చవక బియ్యం, చవక పామాయిలు, చక్కెర నీళ్ళు, నిలబడి చేసే పని, నిద్ర లేని రాత్రులు. కూరగాయ, పప్పు, పండు అందనంత ధర. డొక్కలు కనపడటం ఒక్కటే పేదరికపు రూపం అనుకున్న మన కథకులం ఒకే యింట్లో ఎండిన బిడ్డా వూరిన తల్లీ వుండగలరని వూహించలేదు. బొజ్జను నీతికి కొలబద్ద చేసుకోవటంలో మనం సంపన్నుల ధోరణినే తిరగేసి వాడుకున్నాము. వాళ్ళు లావుపాటి పేదవాణ్ణి సోమరి అన్నారు, మనం లావుపాటివాణ్ణల్లా దోపిడీదారు అన్నాము. ఆ శరీరం మీద యెవరూ ప్రశ్న అడగలేదు.

సెమాగ్లుటైడ్ బరువు మందుగా 2025 జూన్‌లో మనదేశానికి వచ్చింది. మొదటి మోతాదులు నెలకు సుమారు 17,000 రూపాయలు. నవంబరులో ధర తగ్గించారు. యిక్కడ దాని పేటెంటు గడువు 2026 మార్చి దాకా. ఆ లోపలే హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ అదే మందును తయారుచెయ్యబోతే డేనిష్ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు యెక్కింది. పేటెంటు లేని దేశాలకు ఎగుమతి చేసుకోవచ్చునని కోర్టు డిసెంబరులో అన్నది. ఇన్సులిన్ కనిపెట్టినవారు 1923లో పేటెంటును తలా ఒక డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి ధారపోశారన్న సంగతి యీ వ్యాజ్యం కాగితాలు చదివేవాడికి పురాణకథలాగా వినపడుతుంది. బోస్టన్ ప్రయోగశాలా, సైనికుల ఆసుపత్రీ, లండను, కోపెన్‌హేగెన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రులూ, యిక్కడి పునాది చాలావరకు ప్రజల డబ్బుతో లేచింది. ఆ ఇరవైమంది కుర్రవాళ్ళ గీతలకు పేటెంటు లేదు.

ఆ విద్యార్థినిని మళ్ళీ కలిసినప్పుడు, సూది మోసం కాదని చెప్పాను. యెలా తెలిసిందో కూడా చెప్పాను. ఉప్పునీటి సూది సంగతి, కాగితం మీద గీత సంగతి. శ్రద్ధగా విన్నది. నెలకు యెంతవుతుంది సార్ అన్నది. చెప్పాను. వాళ్ళమ్మ జీతం నెలకు పన్నెండు వేలు. కాసేపు వూరుకొని, "పోనీ, ఆరు నెలలు అప్పుచేసి వేయించి, తర్వాత ఆపేస్తే?" అని అడిగింది. మూడింట రెండు వంతులు అన్న అంకె అప్పుడు చెప్పాను. నోటు పుస్తకం తెరిచి రాసుకున్నది.